లెక్కలకు ప్రాణం పోసిన మహలనోబిస్ గారు

1980లలో శామీర్‌పేట వైపు పంటకోత ప్రయోగాలకు తిరిగే రోజుల్లో అలియాబాద్ రైతు ఒకాయన నన్ను నిలదీశాడు. ఏపుగా ఎదిగిన మడిని వదిలేసి కంకి సరిగా నిండని మూలలో టేపు పడుతున్నానేమిటని ఆయన బాధ. యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక ఏ చోటు చూపితే అక్కడే అయిదు మీటర్ల చదరం గీసి, కోసి, నూర్చి, తూచాలి. మన ఇష్టాయిష్టాలకు తావు లేదు.

నమూనా సర్వేలను ఈ దేశానికి అలవాటు చేసిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ గారు 1893 జూన్ 29న కలకత్తాలో పుట్టారు. కేంబ్రిడ్జిలో చదివి వచ్చి ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పారు. గణాంకశాస్త్రం మీద మనసు పోయి, 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించారు. మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్.రావు గారు 1941లో అక్కడే చేరి ప్రపంచఖ్యాతి పొందారు.

బెంగాల్‌లో జనుము సర్వే చేయించినప్పుడు మహలనోబిస్ గారు ఒక చిత్రమైన ఏర్పాటు చేశారు. ఒకే ప్రాంతానికి ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా రెండు జట్లను పంపేవారు. రెండు లెక్కలూ దూరంగా ఉంటే ఎక్కడో తప్పు జరిగిందన్నమాట. చెట్టు కింద కూర్చుని అంకెలు అల్లే మాలాంటి వాళ్లను ఆయన బాగా ఎరుగుదురు! కోత చదరం ఎంత ఉండాలనే విషయంలో సుఖాత్మే గారితో ఆయనకు పెద్ద వాదమే నడిచింది. మహలనోబిస్ గారు చిన్న కోతల పక్షం. మేము గీసిన పెద్ద చదరం సుఖాత్మే గారి వైపుది.

స్వాతంత్ర్యం వచ్చాక నెహ్రూ గారు ఆయన్ను ప్రణాళిక పనిలోకి తెచ్చారు. ఉక్కుకు బొగ్గు కావాలి, బొగ్గు మోయడానికి రైలు కావాలి, రైలుకు మళ్లీ ఉక్కు కావాలి. ఈ చిక్కుముడిని సమీకరణాలుగా రాస్తే చేతితో తెమిలే పని కాదు. అందుకే ఇంగ్లండు నుంచి హెచ్.ఇ.సి.-2ఎం కంప్యూటర్ తెప్పించారు. 1956లో కలకత్తాలో పనిలోకి వచ్చిన ఆ యంత్రమే దేశంలో మొదటి డిజిటల్ కంప్యూటర్. దాని జ్ఞాపకశక్తి 1,024 పదాలు పట్టే డ్రమ్ము. ఈనాడు మన మనవళ్ల ఆటబొమ్మకు అంతకంటే ఎక్కువ ఉంటుంది. అయితే రెండో ప్రణాళిక ముసాయిదా 1955 మార్చిలోనే తయారైంది కనుక, ఆ ప్రణాళికను కంప్యూటరే వేసిందనడం సరికాదు.

భారీ పరిశ్రమలకు పెద్దపీట వేసిన ఆ ప్రణాళికపై విమర్శలూ వచ్చాయి. 1955లోనే బి.ఆర్.షెనాయ్ గారు అసమ్మతి తెలిపారు. 1957కల్లా విదేశీ మారకానికి కటకట వచ్చింది. తిండిగింజల సంగతి చిన్నచూపుకు గురైందనే మాటలో నిజముందని నా అభిప్రాయం. మహలనోబిస్ గారు 1972 జూన్ 28న, 79వ పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు కన్నుమూశారు. 2007 నుంచి ఆయన పుట్టినరోజు జాతీయ గణాంక దినం.

2022లో కేంద్రం 63 వేల ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల కంప్యూటరీకరణకు 2,516 కోట్ల రూపాయలతో పథకం ఆమోదించిందని చదివినప్పుడు నాకొక పాత సంగతి గుర్తొచ్చింది. ఒక సీజనులో జ్వరంతో రెండు రోజులు ఆలస్యంగా వెళ్లాను. అప్పటికే రైతు కోత ముగించేశాడు. ప్రయోగం పోయిందని రాయవలసింది పోయి, పక్క మడిని చూసి అందాజుగా తూకం వేసి ఫారం నింపాను. ఎవరూ అడగలేదు. ఆ అంకె జిల్లా సగటులో కలిసిపోయింది.