జనరల్ జయంతనాథ చౌదరి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పెద్దల నోట పోలీసు చర్య అనగానే వినిపించే పేరు చౌదరిది. నేను తెలుసుకున్న నాలుగు మాటలు ఈ ప్రత్యేక సంచికలో మనవి చేస్తున్నాను.

చౌదరి 1908 జూన్ 10న జన్మించారు. శాండ్‌హర్స్ట్‌లో శిక్షణ పొంది 1928లో సైనికాధికారి అయ్యారు. రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మాలో 16వ లైట్ కావల్రీకి నాయకత్వం వహించారు. అది గుర్రాలు పోయి సాయుధ కార్లు వచ్చిన దళం. ముందు సాగి దారి కనిపెట్టడం, స్థావరాలకు కాపు కాయడం వంటివి ఆ బండ్ల పనులు.

1948 సెప్టెంబర్ 13న చౌదరి షోలాపూర్ వైపు నుంచి నిజాం రాజ్యంలో ప్రవేశించారు. మన విజయవాడ రోడ్డున వచ్చినది మేజర్ జనరల్ రుద్ర దళం. దానికి ఎదురైనవీ సాయుధ కార్లే. హైదరాబాద్ లాన్సర్ల హంబర్లు, స్టాగ్‌హౌండ్లు. అయినా దళం ఉదయానికే కోదాడ, సాయంత్రంలోగా మునగాల చేరింది. తేలిక కవచం తుపాకి గుండుకు ఆగుతుంది గాని విమానదాడికి ఆగదు. మరునాడు సూర్యాపేట పడింది. వెనుదిరిగినవారు మూసీ వంతెన కూల్చారు గాని అక్కడ కాపలా ఉంచలేదు. భారత సైన్యం త్వరగా బాగుచేసుకుంది.

18న నిజాం సేనాని ఎడ్రూస్ చౌదరికి లొంగిపోయారు. 1949 చివరిదాకా చౌదరి మిలిటరీ గవర్నర్‌గా ఉన్నారు. రజాకార్ల పీడ వదిలిందని సంతోషించిన మన పల్లెలే ఆ పాలనలో రైతు సంఘాలపై సైనిక దాడులనూ చవిచూశాయి.

1962 నుంచి 1966 దాకా సైన్యాధిపతిగా ఉండి, 1965 యుద్ధం నడిపించారు. 1983 ఏప్రిల్ 6న కన్నుమూశారు. పిల్లలకు ఆయన కథ చెప్పేటప్పుడు మన పల్లెల సంతోషంతోపాటు బాధనూ చెప్పాలని నా మనవి.