నందలాల్ బోసు

బీహారు రాష్ట్రమున ముంగేరు జిల్లాలో ఖరగ్‌పూరు అను చిన్న ఊరు కలదు. అచట 1882వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీన ఒక వంగ కుటుంబమునందు నందలాల్ బోసు జన్మించెను. తండ్రి పూర్ణచంద్ర బోసు దర్భంగా సంస్థానమున ఉద్యోగి. తల్లి క్షేత్రమణీదేవి చేతికందిన వస్తువులతో బిడ్డకు ఆటబొమ్మలు చేసియిచ్చుటయందు నేర్పరి. బాలుడు ఆమెను చూచియే బొమ్మలు చేయ నేర్చెను.

ఉన్నత విద్యకై అతడు కలకత్తా చేరెను. పాఠశాల పరీక్ష గట్టెక్కెను గాని కళాశాలలో పలుమారులు తప్పెను. వాణిజ్యశాస్త్రము చదివినచో జీవనోపాధి దొరకునని బంధువులు తలంచిరి. అదియు సాగలేదు. నందలాలునకు చదువు అబ్బలేదనుట తేలిక. ఆ చదువులో అతని కంటికి గాని చేతికి గాని పని లేకపోయెననుట న్యాయము. అప్పటికే అతడు వివాహితుడు. చిత్రకళ కూడు పెట్టునా యను భయము ఇంటివారిని వదలలేదు. అయినను వారిని ఒప్పించి, 1905లో ప్రభుత్వ చిత్రకళాశాలలో అవనీంద్రనాథ ఠాకూరునకు శిష్యుడయ్యెను. కొన్నియేండ్లకు అజంతా గుహలకేగి, అందలి కుడ్యచిత్రములకు ప్రతులు వ్రాసెను.

1919లో రవీంద్రనాథ ఠాకూరు శాంతినికేతనమున కళాభవనమును స్థాపించెను. కొలది కాలమునకే నందలాలు దానికి అధ్యక్షుడై, 1951 వరకు ఆ బాధ్యత వహించెను. 1924లో రవీంద్రునితో కలిసి చైనా, జపాను దేశములు పర్యటించి, రంగుల కొయ్యచ్చు చిత్రములను, చైనా శిలాముద్రలను వెంట తెచ్చెను. శిలాముద్ర తీయు విధము ఇది: చెక్కిన రాతిపై పలుచని తడికాగితము నద్ది, గుంటలలోనికి ఒత్తి, పైన సిరా గుడ్డతో మెల్లగా తట్టుదురు. రాయి ఉన్నచోటనే యుండును. దాని రూపు మాత్రము కాగితమెక్కి దేశాంతరము పోవును. నాణెముపై కాగితముంచి పెన్సిలుతో రుద్ది బొమ్మ తీయుట మీరెరిగిన ఆటయే కదా! ఆ ఆటకు ఈ విద్య పెద్దన్న వంటిది.

1930లో రవీంద్రుడు చిన్నపిల్లల కొరకు రచించిన సహజపాఠమను వాచకము వెలువడెను. దానికి నందలాలు లినోలియముపై బొమ్మలు చెక్కెను. లినోలియమనగా అవిసెనూనె, బెరడుపొడి మొదలగువానిని కలిపి గోనెగుడ్డపై పరచి చేసిన దళసరి రేకు. ఇండ్లలో నేలపై పరచుటకు వాడుదురు. తెల్లగా ఉండవలసిన చోట్లను చిన్న ఉలితో తొలగించి, మిగిలిన మిట్టలకు సిరా పూసి, కాగితము పరచి ఒత్తినచో బొమ్మ పడును. కుడి యెడమలు తారుమారగును గనుక అక్షరములను తిరుగవేసి చెక్కవలెను. ఉలి జారినచో చెరిపి దిద్దుటకు వీలులేదు. ఇందు సన్నని సొగసులకు తావు తక్కువ. మొద్దుగీత, నలుపు, తెలుపు. అక్షరములు దిద్దు బిడ్డకు కావలసినది సరిగా అదియే. మహాచిత్రకారుడు ఓనమాల పుస్తకమును చిన్నపనిగా ఎంచలేదు.

ఆ యేడే గాంధీమహాత్ముడు ఉప్పు పన్నును ధిక్కరించి, మార్చి 12వ తేదీన సబర్మతి నుండి దండికి కాలినడకన బయలుదేరెను. నందలాలు ఆ నడకను లినోలియముపై చెక్కెను. నల్లని నేలపై కొన్ని తెల్లని గీతలు: చేతికఱ్ఱ, కొల్లాయిగుడ్డ, ముందుకు సాగు అడుగు. అంతకు మించి ఏమియు లేదు. రంగుల పటము ఒక్క గోడకే అలంకారము. ఒక్క పలక నుండి పెక్కు ప్రతులు తీయవచ్చును, వెలయు స్వల్పము. దేశమంతట ఎరుగబడిన ఆ చిత్రము నేటికిని పుస్తకములలో కానవచ్చును.

1938లో హరిపుర కాంగ్రెసు మహాసభకై గాంధీజీ కోరగా, పల్లెజనుల పనిపాటలను ఎనుబదికి పైగా పటములుగా చిత్రించెను. పిదప భారత రాజ్యాంగపు వ్రాతప్రతిని శిష్యులతో కలిసి బొమ్మలతో అలంకరించెను. 1954లో ప్రభుత్వము పద్మవిభూషణ బిరుదమిచ్చెను. ఇన్ని గౌరవములు పొందియు, చిన్న కార్డులపై చెట్టునో మేకనో పల్లెవానినో గీసి శిష్యులకును మిత్రులకును పంపు అలవాటు మానలేదు. 1966 ఏప్రిల్ 16వ తేదీన ఆయన పరమపదించెను.