ఊపిరిని కనిపెట్టి చూచిన వైద్యుడు

మనుష్యునకు నొప్పి కలిగినచో నోరు తెరచి చెప్పుకొనును. పోటు ఎచ్చటనో, మంట ఎంతయో, అది నిన్నటిదో మొన్నటిదో వైద్యునకు విన్నవించుకొనును. పశువునకు ఆ భాగ్యము లేదు. నెమరు మానిన ఎద్దు, పండ్లు కొరుకుచు నిలుచున్న గేదె, చెవులు వ్రేలవేసి మందనుండి వెనుకబడిన మేక తమ బాధను దేహముతోనే చెప్పవలెను. ఆ మాటను చదువగలవాడు పశువైద్యుడు; చదువలేనివాడు కేవలము మందు పోయువాడు. మూగజీవి దేహమునుండి బాధను, మత్తును, మరణమును వేరుపరచి చదువుటకు ఒకప్పుడు మన హైదరాబాదు నగరములో గొప్ప యత్నము జరిగినది. దాని కీర్తిలోను, దోషములోను ప్రధాన భాగస్వామి డాక్టరు ఎడ్వర్డు లౌరీ.

లౌరీ 1846లో జన్మించెను. వైద్యవిద్య ఎడింబరోలో. ఆ నగరముననే 1847 నవంబరులో జేమ్సు సింప్సన్ క్లోరోఫారమును తానే పీల్చి చూచి, ప్రసవవేదనకును శస్త్రచికిత్సకును దానిని వాడుకలోనికి తెచ్చియుండెను. అంతకు కొన్ని నెలల ముందే పారిసులో ఫ్లూరెన్సు అను శాస్త్రజ్ఞుడు అదే ద్రవమును జంతువులపై ప్రయోగించి అవి మత్తిల్లుటను గమనించెను. కాబట్టి క్లోరోఫారము మహిమను మానవునికంటె ముందు చవిచూచినది మూగజీవియే. ఎడింబరోలో లౌరీకి గురువు ప్రసిద్ధ శస్త్రవైద్యుడగు జేమ్సు సైమ్. మత్తు ఇచ్చువాడు నాడిని పట్టుకొని కూర్చుండక రోగి ఊపిరిని కనిపెట్టి యుండవలెనని సైమ్ బోధ. శిష్యుడు ఆ ఒక్క సూత్రమును జీవితాంతము విడువలేదు.

క్లోరోఫారము వచ్చిన కొన్ని వారములకే దాని రెండవ ముఖము కూడ బయటపడినది. 1848 జనవరిలో న్యూకాసిలు సమీపమున హన్నా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక, కాలి గోరు తీయుటకై మత్తు ఇచ్చిన కొద్ది నిమిషములలో మరణించెను. నాటినుండి వైద్యులు రెండు పక్షములైరి. మందు గుండెను ఆపుచున్నదని లండనులో జాన్ స్నో మొదలగువారు తలచిరి. ఊపిరి ముందు ఆగును, గుండె తరువాత ఆగును, కాబట్టి ఊపిరిని చూచుకొన్నచో భయము లేదని ఎడింబరోవారు వాదించిరి. 1880లో గ్లాస్గోలోని వైద్యసంఘమొకటి జంతువులపై పరీక్షలు జరిపి, క్లోరోఫారము గుండెకు అపాయమని ప్రకటించెను. లౌరీకి ఈ తీర్పు కంటకమైనది.

భారతదేశమునకు వచ్చి లాహోరులో పనిచేసిన పిమ్మట లౌరీ 1885లో హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగ నియమితుడయ్యెను. 1846లో స్థాపితమైన హైదరాబాదు వైద్యపాఠశాలకు ఆయనయే అధ్యక్షుడయ్యెను. అంతవరకు ఉర్దూలో జరుగుచున్న బోధనను ఆంగ్లమునకు మార్చెను. స్త్రీలకు కూడ పాఠశాల ద్వారములు తెరచెను. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో ఆయన శస్త్రచికిత్సలకు క్లోరోఫారము నిత్యకృత్యము. పరికరము అతి సామాన్యము: లోపల దూది ఉంచిన గుడ్డ గొట్టము. ఇచ్చువాని కన్ను రోగి రొమ్ముపైనను పొట్టపైనను ఉండవలెను. నాడి పట్టరాదు. మరణములు లేకుండ వేలకొలది చికిత్సలు జరిగినవని లౌరీ గర్వముతో చెప్పుకొనుచుండెను. ఇంగ్లండు వైద్యులు నమ్మలేదు.

నమ్మించుటకు ఆయన ఎన్నుకొన్న మార్గము జంతుప్రయోగము. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వ సహాయముతో 1888లో మొదటి క్లోరోఫారము సంఘము ఏర్పడినది. కుక్కలకు నానావిధములుగ మత్తునిచ్చి, ప్రాణము పోవు వేళ ముందు ఆగునది ఊపిరియా, గుండెయా అని చూచిరి. ఊపిరియే అని తేల్చిరి. 1889 ప్రారంభమున డ్యూక్ ఆఫ్ కన్నాట్ భార్య వైద్యపాఠశాలలో బహుమతులు పంచిన సభలో లౌరీ ఈ సంగతిని ఘనముగ ప్రకటించెను. లండనులోని లాన్సెట్ పత్రిక దానిని సందేహించుచు వ్రాసెను. లౌరీ వెనుదీయలేదు. నిజామును ఒప్పించి 1,000 పౌండ్లు ఇప్పించి, మీకు నమ్మకమగు శాస్త్రజ్ఞుని మీరే పంపుడని లాన్సెట్‌ను పిలిచెను. అభిప్రాయభేదమును తీర్చుటకు ప్రత్యర్థి మనుష్యునే తన ఇంటికి రప్పించుట సామాన్యమగు ధైర్యము కాదు.

పత్రిక పంపినది లాడర్ బ్రంటన్‌ను. మందుల ప్రభావమును పరిశోధించుటలో ఆయన నాడు అగ్రగణ్యుడు. క్లోరోఫారము గుండెకు చేటు అని తలచుచునే ఓడ ఎక్కినవాడు. 1889 అక్టోబరు మొదలు డిసెంబరు వరకు హైదరాబాదులో రెండవ సంఘము పనిచేసెను. లౌరీ అధ్యక్షుడు, బ్రంటన్, బాంఫర్డు, రుస్తుంజీ హకీమ్ సభ్యులు. కుక్కలు, కోతులు, గుర్రములు, మేకలు, పిల్లులు, కుందేళ్లు బల్లమీదికి వచ్చినవి. రక్తపుపోటును పాదరసపు గొట్టముతో కొలిచి, తిరుగు కాగితముపై గీతలుగ ఎక్కించి, ఆ గీతలకు ఛాయాచిత్రములు తీసిరి. డిసెంబరులో బ్రంటన్ లండనునకు పంపిన తంతివార్తలో జంతువుల లెక్క 490గ ఉన్నది. గుండెకు నేరుగ అపాయమేమియు లేదనియు, ఊపిరాడకపోవుటయు మోతాదు మించుటయు మాత్రమే అపాయములనియు ఆ వార్త సారాంశము. సందేహముతో వచ్చినవాడు లౌరీ పక్షమున చేరెను.

ఈ ఘట్టమును చదువువారు ఒక్క నిమిషము ఆగవలసి యున్నది. ఆ జంతువులలో అధికభాగము మత్తులోనే ప్రాణము విడిచినవి. వాటికి బాధ తెలిసి యుండదని ఊరట పొందవచ్చును. కాని అన్నియు అట్లు కావు. కొవ్వు పట్టిన గుండెపై మందు ఎట్లు పనిచేయునో చూచుటకు కొన్ని కుక్కలకు ముందుగ భాస్వరమును తినిపించిరి. బాధవలన గుండె ఠక్కున ఆగునేమో అని పరీక్షించుటకు మత్తు పూర్తిగ ఎక్కకముందే పన్ను ఊడబెరుకుట వంటి పనులు చేసిరి. ఇంగ్లండులో 1876 నాటి చట్టము ప్రకారము సజీవ జంతువుపై ప్రయోగమునకు అనుమతిపత్రము కావలెను. ఆ చట్టము భారతదేశమునకు వర్తింపదు. నైజాము రాజ్యములో అట్టి అడ్డు ఏదియు లేదు. స్వదేశములో చేయుటకు కష్టమైన పని ఇచ్చట సులభమైనది. నొప్పిని జయించుటకై నొప్పిని కలిగించిన ఈ వైరుధ్యము లౌరీ కథనుండి వేరుచేయరానిది.

ఆ ప్రయోగములవలన కలిగిన మేలును కూడ చెప్పవలెను. మత్తు ఇచ్చుటలో జాగ్రత్తలు ఒక క్రమమునకు వచ్చినవి. రోగిని వెల్లకిల పరుండబెట్టవలెను. మెడకును రొమ్మునకును బిగువుగ నున్న బట్టలను వదులు చేయవలెను. ఊపిరి బిగబట్టినపుడు మందును దూరముగ తీయవలెను. కనుగ్రుడ్డును తాకినపుడు రెప్ప కదలకున్నచో మత్తు చాలినదని గ్రహించి ఆపవలెను. ఇవన్నియు నోటిమాటపై ఆధారపడని గుర్తులు. కుక్కకు, కోతికి, మనుష్యునకు ఒకే విధముగ వర్తించు గుర్తులు. మూగజీవిని చూచి నేర్చిన చదువు మాటలు రాని శిశువునకును, స్పృహలేని రోగికిని పనికివచ్చినది. ఆ రోజులలో ఆ పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ తరువాత మత్తుమందు ఇచ్చుటనే వృత్తిగ స్వీకరించి, ప్రపంచములో ఆ వృత్తి చేపట్టిన తొలి మహిళగ పేరొందెను. లౌరీ శిష్యులలో కాలము మరువని పేరు ఆమెది.

వాదము మాత్రము ముగియలేదు. 1893లో కేంబ్రిడ్జికి చెందిన గాస్కెల్, షోర్ అను శాస్త్రజ్ఞులు ఒక జంతువు మెదడునకు మరియొక జంతువు రక్తమును ప్రసరింపజేసి, క్లోరోఫారము గుండెను నేరుగ బలహీనపరచునని చూపిరి. లౌరీ అంగీకరింపలేదు. తాను నమ్మినదానికి విరుద్ధమగు సాక్ష్యమును తోసిపుచ్చు స్వభావము ఆయనలో అంతకంతకు పెరిగినది. మలేరియా రోగి రక్తములో లావెరాన్ కనుగొన్న సూక్ష్మజీవిని కూడ ఆయన విశ్వసింపలేదు. ఆయన రెసిడెన్సీ సర్జనుగ నున్న కాలముననే, 1897 ఆగస్టులో, సికిందరాబాదులో రోనాల్డు రాస్ దోమ కడుపులో ఆ జీవినే చూచెను. కాలము చేసిన పరిహాసమిది.

1901లో లౌరీ క్లోరోఫారముపై ఒక గ్రంథమును ప్రకటించి, హైదరాబాదు విడిచి ఇంగ్లండు చేరెను. పది సంవత్సరముల తరువాత, 1911లో, గుడ్మన్ లెవీ అను వైద్యుడు పిల్లులపై చేసిన పరిశోధన వివాదమునకు అసలు తాళపుచెవిని చూపినది. మత్తు గాఢముగ ఉన్నపుడు ముందు ఆగునది ఊపిరియే. అచ్చట లౌరీ చూచినది సత్యమే. కాని మత్తు పలుచగ ఉన్నవేళ, ప్రాణి బెదరి పెనగులాడునపుడు, దేహములో పుట్టు అడ్రినలిన్ అను రసము క్లోరోఫారముతో కలిసి గుండెను గతి తప్పించి, వణకించి, క్షణములో ఆపివేయును. హన్నా గ్రీనర్ వంటివారు హఠాత్తుగ మరణించిన తీరునకు ఇది సరిపడిన కారణము. హైదరాబాదు బల్లలపై జరిగిన పలుచని మత్తు పరీక్షలలో అట్టి మరణము సంఘమువారి కంట పడలేదు. వారి యంత్రము ఊపిరిని గీసినది, రక్తపుపోటును గీసినది. భయమును గీయు యంత్రము లేదు. మూగజీవి భయమును, బాధను చిన్న విషయముగ ఎంచిన శాస్త్రమునకు ఆ భయములోనే సమాధానము దాగియుండెను. లౌరీ 1915లో కన్నుమూసెను.

మనుష్యుని కొరకు జంతువుపై పరీక్షించిన మత్తు తిరిగి జంతువునకు ఉపకరించుటకు చాల కాలము పట్టినది. ఇంగ్లండులో ఫ్రెడరిక్ హాబ్డే అను పశువైద్యుడు వందలకొలది కుక్కలకు క్లోరోఫారము ఇచ్చి చికిత్స చేసి, 1915లో జంతువులకు, పక్షులకు మత్తు ఇచ్చు విధానముపై గ్రంథము వ్రాసెను. 1919లో ఆ దేశమున కొన్ని శస్త్రచికిత్సలు మత్తు లేకుండ జంతువులపై చేయరాదని చట్టమైనది. మన దేశములో రుక్మిణీదేవి అరండేల్ పూనికవలన 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. శస్త్రముతో కూడిన ప్రయోగములను సాధ్యమైనంతవరకు మత్తులోనే చేయవలెనను నియమము అందులో చేరినది. 1889లో హైదరాబాదులో లేని అడ్డు 71 సంవత్సరములకు ఏర్పడినది.

లౌరీ నాటి నైజాము రాజ్యపు ఉత్తరపు కొన సిర్పూరు తాండూరు; 1905లో అది ఆదిలాబాదు జిల్లా అయినది. అనంతర కాలమున బొగ్గు గనులతో పేరొందిన మందమర్రి ఆ సీమలోనిదే. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలోని క్లోరోఫారము వాసన ఆ అడవి పల్లెల పశువుల కొట్టములకు సోకలేదు. కోడెను కట్టిపడవేసి నలిపి ఎద్దును చేయుట, జబ్బు చేసిన పశువునకు కాల్చిన ఇనుముతో వాతలు పెట్టుట పల్లెలలో పాత వైద్యము. కాపరికి జాలి లేక కాదు. మేత ముట్టని పశువును చూచి తానును అన్నము ముట్టని కాపరులు ఎందరో. నొప్పిని గుర్తించు కన్ను వారికి కలదు, నొప్పిని తీర్చు మందు లేదు. హైదరాబాదులో పశువైద్య కళాశాల ఏర్పడినది 1946లో.

మందు వచ్చిన తరువాత దాని రెండవ ముఖము కూడ వచ్చినది. పశువుల వాపులకు, నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ అను ఔషధము చచ్చిన పశువు మాంసము ద్వారా రాబందుల మూత్రపిండములను చెరచి, వాటిని లక్షలుగ చంపెనని 2004లో తెలియవచ్చినది. 2006లో పశువైద్యమునకై దాని తయారీని భారత ప్రభుత్వము నిషేధించినది. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ దాని స్థానమును పొందినది. మందమర్రికి ఉత్తరముగ ప్రాణహిత ఒడ్డున, బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్టపై మిగిలియుండిన రాబందుల గూళ్లు ఈ పాఠమునకు సాక్ష్యములైనవి. ఒక ప్రాణి నొప్పి తీర్చిన మందు మరియొక ప్రాణికి విషమగునేమో చూడవలెనను జ్ఞానము ఇంత వెలకు దొరికినది.

అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 మూసీ వరదలో కొట్టుకొనిపోయినది. దాని వారసత్వముగ ఉస్మానియా ఆసుపత్రి వెలసినది. 20వ శతాబ్ది మధ్యకాలమునకు క్లోరోఫారము కూడ శస్త్రశాలలనుండి దాదాపు తొలగిపోయినది. లౌరీ తుది నిర్ణయము నిలువలేదు. పేరు లేని ఆ కుక్కలకు, కోతులకు స్మారకశిల లేదు. ఆయన నేర్పిన అలవాటు మాత్రము నిలిచినది: మాటలాడలేని ప్రాణి ఎదుట కూర్చున్నపుడు తన సిద్ధాంతమును గాక ఆ ప్రాణి ఊపిరిని చూడవలెను. సిద్ధాంతము విషయమున ఆ అలవాటును తానే పాటింపకపోవుట ఆయన జీవితములోని లోపము. నేటి పశువైద్యుడు ఊపిరితోపాటు చెవుల వాలును, కనుల బిగువును, నెమరు తీరును, నిలుచు భంగిమను కూడ లెక్కించి నొప్పికి అంకెలు వేయుచున్నాడు. చెప్పలేనంత మాత్రమున బాధ లేదనరాదని వైద్యలోకము ఒప్పుకొన్నది. హైదరాబాదు బల్లలపై మత్తిల్లిన మూగజీవుల ఋణము ఆ ఒప్పుకోలువలన కొంతయైన తీరుచున్నది.