పేద విద్యార్థుల పెన్నిధి డాన్ బాస్కో

మనలో చాలామందిమి ఒకనాడు ట్రంకుపెట్టె, దుప్పటి పట్టుకొని సీటు వస్తుందో రాదోనన్న భయంతో హాస్టల్ గేటు ముందు నిలబడినవాళ్లమే. అలాంటి పిల్లల కోసమే జీవితాన్ని ధారపోసిన మహనీయుడు డాన్ బాస్కో.

జాన్ బాస్కో 1815 ఆగస్టు 16న ఇటలీలోని బెక్కి అనే పల్లెలో ఒక పేద రైతు కుటుంబంలో జన్మించారు. రెండేళ్లు నిండకముందే తండ్రి చనిపోయారు. తల్లి మార్గరీటా కష్టపడి పిల్లలను పెంచింది. జాన్ చదువు సవతి అన్నకు ఇష్టం లేకపోవడంతో పన్నెండేళ్ల ప్రాయంలో ఇల్లు వదిలి ఒక ఆసామి ఇంట పాలేరుగా ఉన్నారు. తరువాత దర్జీ దగ్గర, కాఫీ హోటల్లో పనిచేస్తూ చదువుకున్నారు. 1841లో ఫాదర్ అయ్యారు. ఇటలీలో ఫాదర్లను 'డాన్' అని పిలుస్తారు.

ఆ రోజుల్లో ట్యూరిన్ నగరానికి పల్లెల నుండి ఎందరో బాలురు కూలి పనికి వచ్చేవారు. నిలువ నీడలేక కొందరు జైలు పాలయ్యేవారు. జైళ్లలో వారిని చూసి ఆయన మనసు కలతచెందింది. 1846లో వాల్డొక్కో అనే చోట ఒక షెడ్డు అద్దెకు తీసుకొని వారిని చేరదీశారు. ఆయనకు తోడుగా తల్లి కూడా పల్లె వదిలి వచ్చింది.

మొదట్లో ఒక రాత్రి కొందరు కుర్రవాళ్లకు పడుకోవడానికి చోటిచ్చి దుప్పట్లు ఇస్తే, తెల్లవారేసరికి వాటితో సహా మాయమయ్యారు. మరొకరైతే తలుపులు మూసుకునేవారే. కానీ 1847లో వానలో తడిసి వచ్చిన ఒక అనాథ బాలుడిని తల్లీకొడుకులు లోపలికి పిలిచి అన్నం పెట్టారు. వంటగదిలో ఇటుకల మీద పలకలు పరిచి పడక వేశారు. సామాను పోకుండా తాళం వేయడం కూడా మరువలేదు! ఆ బాలుడు పారిపోలేదు. ఆ ఒక్కడితో మొదలైన హాస్టల్ తరువాత వందలమందికి ఇల్లయింది.

అడ్మిషన్ ఇచ్చే పద్ధతిలోనూ ఆయనది ప్రత్యేక మార్గం. 1854లో డొమినిక్ సావియో అనే పన్నెండేళ్ల బాలుడికి ఒక చిన్న పుస్తకం ఇచ్చి, ఒక పేజీ చదివి చెప్పమన్నారు. అతడు కొద్ది నిమిషాల్లోనే అప్పజెప్పి అర్థం కూడా వివరించాడు. 1857లో రైల్వే స్టేషన్లో అల్లరిమూకకు నాయకుడైన మైకేల్ మగోనె కనిపించాడు. అతడికి తండ్రి లేడు. డాన్ బాస్కో ఆ ఊరి ఫాదర్ ద్వారా వివరాలు కనుక్కొని అతడినీ చేర్చుకున్నారు. అతడి నోటి దురుసు మాన్పించడానికి బెత్తం పట్టలేదు, ఒక మంచి స్నేహితుడిని తోడుగా ఇచ్చారు. కొద్ది నెలల్లోనే మగోనె అందరికీ ఆప్తుడయ్యాడు.

ఆయన హాస్టల్లో నియమాలు లేవని కాదు. ఇతరులను చెడగొట్టేవారిని ఇంటికి పంపిన సందర్భాలూ ఉన్నాయి. అయితే తప్పు జరిగాక శిక్షించడం కన్నా, పిల్లలతో కలిసి ఆడుతూ, తింటూ, తప్పు జరగకుండా చూసుకోవడమే మేలని నమ్మారు. 1852లో ఒక విద్యార్థిని వడ్రంగి పనిలో పెట్టినప్పుడు, యజమాని అతడిని మాటలతోనే సరిదిద్దాలి తప్ప కొట్టరాదని ఒప్పందంలో రాయించారు.

1859లో ఆయన సలేషియన్ సభను స్థాపించారు. 1888 జనవరి 31న కన్నుమూశారు. నేడు విజయవాడలోని నవజీవన్ బాల భవన్ వంటి సంస్థలు ఆయన బాటలోనే వీధి బాలలను ఆదుకుంటున్నాయి.

మిత్రులారా! ఈ ఏడు కూడా మన గేటు దగ్గర ఒక కొత్త తమ్ముడు బెదురుచూపులతో నిలబడతాడు. అతడిని ఏడిపించే సీనియర్లమవుదామా, లేక మగోనెకు తోడుగా నిలిచిన స్నేహితుడిలా ఉందామా? ఆలోచిద్దాం.