జార్జి బ్యూలర్ పండితుఁడు

భట్టిప్రోలి పేరు మణికొండయందలి మన బాలబాలికలు చరిత్రపాఠమునఁ జదివియే యుందురు. అచ్చటి యక్షరములను లోకమునకుఁ జదివి చెప్పిన జర్మను పండితు నెఱిఁగినవారు మాత్రము కొందఱే.

జార్జి బ్యూలర్ 1837వ సంవత్సరము జూలై 19వ తేదీని హానోవరు రాజ్యములోని బోర్‌స్టెల్ గ్రామమున నొక సంఘకాపరి యింట జన్మించెను. గెట్టింగెన్ విశ్వవిద్యాలయమునఁ జదివి 1858లో డాక్టరు పట్టము నొందెను. 1863లో బొంబాయి చేరి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో నాచార్యుఁడయ్యెను. పిమ్మట గుజరాతులో పాఠశాలలఁ దనిఖీ చేయుచునే వ్రాతప్రతులఁ గూర్చెను. ఆరోగ్యము చెడుటచే 1880లో మరలిపోయి వియన్నాలో సంస్కృతాచార్యుఁడయ్యెను.

1892లో అలెగ్జాండరు రే దొర భట్టిప్రోలి స్తూపమును త్రవ్వింపఁగా, వ్రాఁతగల ఱాతిభరిణెలు మూఁడు బయల్పడెను. ఆ వ్రాఁతను బ్యూలరు చదివి 1894లోఁ బ్రకటించెను. అందు మకారము తలక్రిందుగ నున్నది. ఘకారము గకారమునకే యొక వంపు తగిలించి చేసినది. అన్నిటికంటె వింత యేమనఁగా, అశోకుని శాసనములలో గుర్తులేని హల్లును అకారముతోఁ జదువవలెను. ఇచ్చట అకారమునకుఁ బ్రత్యేకముగ నొక గీఁత యున్నది. ఇది చదివినపుడెల్ల మాకు మన తలకట్టు జ్ఞప్తికి వచ్చుచుండును. ఇన్ని భేదము లేర్పడుటకు బ్రాహ్మీలిపి అశోకునికిఁ జాల పూర్వమే పుట్టి శాఖలుగాఁ జీలి యుండవలెనని యాయన యూహించెను.

అది యెచ్చట పుట్టెను? ఫినీషియా వర్తకుల యిరువదిరెండక్షరములనుండి యని 1895లో నాయన వాదించెను. 119వ కీర్తన యిరువదిరెండు భాగములగుటకు నా వరుసయే కారణము. 1868లో దొరికిన మోయాబు రాజు మేషా శిలపై నున్న యక్షరములను బ్రాహ్మీ రూపములతోఁ బోల్చి, కుడినుండి యెడమకు వ్రాయుట మాఱినపుడు కొన్ని తిరుగఁబడెననియుఁ, గొన్ని తలక్రిందయ్యెననియు నాయన చూపెను. ఇన్ని త్రిప్పుళ్లకుఁ దావిచ్చినచో నే యక్షరమైన నే యక్షరమునకైనఁ బోలునేమో యని మాకుఁ దోఁచును. తరువాతి పండితులలోఁ బెక్కుమంది అరమాయిక లిపివైపు మ్రొగ్గిరి. ఇది యీ దేశపు సృష్టియే యనువారును గలరు. అచ్చులకు గుర్తులు కల్పించి వర్ణములను స్థానక్రమమునఁ గూర్చినవారు భారతీయ పండితులే యని మాత్రము బ్యూలరే యొప్పుకొనెను. ఈ మాట ఆయనను నిందించువారు తఱచు మఱతురు.

1896లో భారతీయ లిపిశాస్త్రమును ముగించెను. 1898 ఏప్రిల్ 8వ తేది శుభ శుక్రవారము. ఈస్టరు పండుగకు జూరికులోనున్న కుటుంబమును గలియఁబోవుచు దారిలో ఆగి, కాన్‌స్టన్స్ సరస్సున నొంటరిగఁ బడవ నడుపుచు నీటఁబడి మృతినొందెను. అప్పటి కాయనకు అఱువదియేండ్లు. ఆయన యారంభించిన భారతీయ విద్యల మహాగ్రంథమాలను మిత్రుఁడు కీల్‌హారను కొనసాగించెను.