గాయక నటుడు చిత్తూరు నాగయ్య

ఇంటిపేరునకు మారుగా ఊరిపేరు నిలుపుకొన్న నటులు తెలుగునాట కొలదిమంది. వారిలో చిత్తూరు నాగయ్యగారు ముఖ్యులు. ఆయన చిత్తూరులో పుట్టినవారు కారు. 1904 మార్చి 28న పూర్వపు గుంటూరు మండలములోని రేపల్లెలో జన్మించినారు. అయినను చిత్తూరులోని శ్రీ రామవిలాస సభ ఆయనను నటునిగా తీర్చిదిద్దినది. సారంగధర నాటకములో చిత్రాంగి వేషము ధరించి మెప్పు పొందిన ఆ యువకుని ఆ ఊరు తన వానిగా చేసికొన్నది. తిరుపతి నుండి వడమాలపేట, పుత్తూరు, నగరి మీదుగా సాగు బాట మదరాసునకు చేరును. తెలుగు చలనచిత్రములకు ఆ నగరమే నిలయమైన కాలమున, కంఠబలము గల ఈ సీమ కళాకారులకు అదే గమ్యస్థానము.

1938లో హెచ్. ఎమ్. రెడ్డిగారి గృహలక్ష్మితో నాగయ్యగారు వెండితెర కెక్కినారు. మరుసటి సంవత్సరము బి. ఎన్. రెడ్డిగారి వందేమాతరమునకు నాయకుడును సంగీత దర్శకుడును ఆయనే. సుమంగళి, దేవత చిత్రములకు కూడ ఆయనే స్వరములు కూర్చినారు. 1943లో వెలువడిన భక్త పోతన ఆయనను ఇంటింటికి పరిచితుని చేసినది.

ఆనాటి సంగీత దర్శకుని కష్టము నేటి విద్యార్థు లూహించుట సులభము కాదు. నిమిషమునకు 78 చుట్లు తిరుగు గ్రామఫోను పలక ఒక వైపున సుమారు మూడు నిమిషముల పాట మాత్రమే పట్టును. సభలో అరగంట విస్తరించు రాగమును ఆ మూడు నిమిషములలో ఇముడ్చవలెను. వీణా వేణు మృదంగములకు తోడు పియానో, క్లారినెట్, గిటారు వంటి వాద్యములు స్టూడియోలలో ప్రవేశించినవి. వాటిని కాదనిన పాట పాతబడినదందురు. వాటికి లొంగినచో సాహిత్యము వాద్యఘోషలో మునిగిపోవును.

ఈ చిక్కు మనకే కలిగినది కాదు. ఆ దశాబ్దముననే అమెరికాలో ఆరన్ కోప్లండ్ చలనచిత్రములకు, నృత్యనాటకములకు, సింఫనీ బృందములకు సంగీతము రచించుచుండెను. 1944లో మార్తా గ్రాహమ్ నృత్యమునకై ఆయన కూర్చిన అపలేచియన్ స్ప్రింగ్ మొదట పదుమూడు వాద్యములకే వ్రాయబడినది. తరువాత పెద్ద వాద్యబృందమునకు విస్తరింపబడినది. అందులో ఆయన షేకర్ల భక్తిగీత మొకదానిని నిలిపి, వాద్యములన్నిటిని దానికి పరిచారకులుగా చేసినాడు. ఆ రచనకు 1945లో పులిట్జరు బహుమానము లభించినది.

హాలీవుడ్ గాలి మదరాసునకును వీచినది. 1945లో నిర్మితమైన స్వర్గసీమలో నాగయ్యగారు కథానాయకులు. ఓగిరాల రామచంద్రరావుగారితో కలిసి సంగీతమును నిర్వహించినారు. అందులో భానుమతిగారు పాడిన పావురపు పాటకు 1941 నాటి బ్లడ్ అండ్ శాండ్ అను అమెరికా చిత్రములోని గానము ప్రేరణ అయినది. ఆ పాట రూపకల్పనలో బాలాంత్రపు రజనీకాంతరావుగారి హస్తము కలదు. పరదేశపు పోకడ వచ్చినను పాట తెలుగుదిగానే నిలిచినది.

1946లో తామే నిర్మించి, దర్శకత్వము వహించి, నటించిన త్యాగయ్యలో నాగయ్యగారు తమ మార్గమును స్పష్టపరచినారు. అక్కడ వాద్యములు కృతికి త్రోవ చూపును గాని, దానిపై స్వారి చేయవు. ఎక్కడ పదము వినబడవలెనో అక్కడ అవి తగ్గియుండును. 1947 నాటి యోగి వేమనలో ఆ నిగ్రహము మరింత పరిపక్వమైనది.

పాటలో ఆయన పాటించిన ఆ నిగ్రహము ఖర్చులో మాత్రము లేదు. ఇంటికి వచ్చినవానికి అన్నము, అడిగినవానికి ధనము లేదనుట ఆయన ఎరుగరు. ఏండ్ల శ్రమతో 1964లో వెలువరించిన భక్త రామదాసు ఆయన ఆర్థికస్థితిని మరింత దెబ్బతీసినది. అందులో కబీరు పాత్రకు మహమ్మద్ రఫీ చేత పాడించుట ఆయన విశాలదృష్టికి నిదర్శనము. 1965లో పద్మశ్రీ వచ్చినది గాని, ఒకప్పుడు నాయకుడైన ఆయన జీవనమునకై చిన్న వేషములు వేయవలసి వచ్చినది. 1973 డిసెంబరు 30న మదరాసులో కన్నుమూసినారు. దాతృత్వము గొప్ప గుణమే. కాని దాతను ఆదుకొను ఏర్పాటు సంఘమునకు లేకపోవుట లోపము కాదా యని ఈ జీవితము మనల నడుగుచున్నది.

మదరాసు పానగల్ పార్కులో ఆయన విగ్రహ మున్నది. చిత్తూరులోని కళాక్షేత్రమునకు ఆయన పేరున్నది. ఉపాధ్యాయులు తరగతిలో త్యాగయ్య పాట నొకదానిని, కోప్లండ్ రచన నొకదానిని వెంటవెంట వినిపించి, ఏ చోట వాద్యము వెనుకకు తగ్గి పాటకు దారి యిచ్చినదో గుర్తింపుడని పిల్లల నడుగవచ్చును. వినుట నేర్చిన చెవి ఆ చోటును తానే కనుగొనును.