వైమానిక వీరుఁడు ఇంద్రలాల్ రాయ్

ప్రతివర్షము నీ సంచికయందు మన కులమున వన్నెకెక్కిన పెద్దల చరిత్రములను ప్రకటించుట పరిపాటి. ఈ పర్యాయము మేము వ్రాయఁబూనినది మన కులమువాని చరిత్రము గాదు. మన యాంధ్రదేశమువానిదియుఁ గాదు. ఇంద్రలాల్ రాయ్ వంగదేశీయుఁడు. పందొమ్మిదేండ్ల ప్రాయముననే ఫ్రాన్సుదేశమున నేలకొరగినవాఁడు. అట్టివాని కథ మన బాలురకేల యని యడుగువా రుండవచ్చును. చదివిన పిదప వారే తీర్పు చెప్పుదురు గాక.

ఇంద్రలాల్ 1898వ సంవత్సరము డిసెంబరు 2వ తేదీని కలకత్తానగరమున జన్మించెను. వీరి పూర్వులు తూర్పువంగమందలి బరిసాలు మండలమువారు. తండ్రి పియారీలాల్ రాయ్ గారు బారిష్టరు. తల్లి లలితా రాయ్ గారు సామాన్యురాలు గాదు. 1911లో లండను నగరమున స్త్రీల వోటుహక్కుకొఱకు జరిగిన మహాయాత్రలో నామె భారతస్త్రీలతోఁ గలసి నడచెను. బాలుఁడు లండనులోని సెయింట్ పాల్స్ పాఠశాలలో విద్య నభ్యసించెను. అన్నయగు పరేశలాల్ అదే యుద్ధమున నొక రెజిమెంటులోఁ బనిచేసి, తరువాతికాలమున మనదేశమున ముష్టియుద్ధవిద్యకు మూలపురుషుఁడని పేరొందెను.

1914లో మహాయుద్ధ మారంభమగునప్పటి కింద్రలాల్‌కుఁ బదునాఱేండ్లు నిండలేదు. విమానములు పుట్టి యప్పటికి పదునొకండేండ్లు మాత్రమే. భారతీయులకు రాజుగారి కమిషను మిక్కిలి దుర్లభమైన దినములవి. ఐనను విద్య ముగియుచుండఁగనే యతఁడు రాయల్ ఫ్లయింగ్ కోరులోఁ జేరఁగోరి దరఖాస్తు పెట్టెను. వైద్యులు పరీక్షించి, దృష్టి చాలదని త్రోసిపుచ్చిరి. మఱియొకఁడైన నింతటితో నిల్లు చేరియుండును. ఇతఁడు తన మోటారుసైకిలు నమ్మి, యా సొమ్ముతో నేత్రవైద్యులలో నగ్రగణ్యుఁడైన యొకని నాశ్రయించి, మరల పరీక్ష చేయించుకొనెను. మొదటి తీర్పు రద్దయ్యెను. 1917వ సంవత్సరము జూలై 5వ తేదీని సెకండు లెఫ్టినెంటుగా నియుక్తుఁడై, అక్టోబరు కడపట ఫ్రాన్సులోని 56వ స్క్వాడ్రనులోఁ బ్రవేశించెను.

అచ్చట నతని తొలిదినములు యశస్కరములు గావు. రెండు నెలలైనను నిండకమునుపే, డిసెంబరు 6వ తేదీని, అతఁడు నడుపుచున్న విమానము కూలెను. ఒడలు తెలియక పడియున్న యతనిని మృతుఁడని తలంచి శవములగదిలోఁ బెట్టిరనియు, తెలివివచ్చి యతఁడు తలుపు బాదెననియు నొక కథ లోకమునఁ బ్రచారములో నున్నది. అతని చరిత్రము వ్రాయువా రందఱు దీనినే రసవత్తరముగాఁ జెప్పుదురు. మాకు మాత్ర మా పిదప జరిగినదే యెక్కువ విలువగలదిగాఁ దోఁచుచున్నది. ఎగురుటకుఁ దగఁడని వైద్యులు రెండవమాఱును దీర్మానించిరి. అతఁడు యుద్ధభూమినుండి మరలవలసివచ్చెను. కోలుకొనుచున్న దినములలో విమానముల చిత్రములను మిక్కుటముగా గీసెను. ఆరోగ్యము కుదుటఁబడిన పిమ్మట సామగ్రి చూచు నధికారిగా నేలమీఁదనే పనిచేసెను. అందఱు నెగురుచుండఁగాఁ దాను సామానులు లెక్కించుట పందొమ్మిదేండ్లవాని కెంత కష్టమో, పాఠశాలలో బాలురతోఁ జిరకాలము గడపిన మాకు చక్కఁగాఁ దెలియును. ఆ పనిని విడువక చేయుచునే, పై యధికారులను మరల మరల వేఁడుకొని, తుదకు వారిచేత నౌననిపించెను.

1918వ సంవత్సరము జూను మాసమున నతఁడు 40వ స్క్వాడ్రనులోఁ జేరెను. అప్పటికి పూర్వపు ఫ్లయింగ్ కోరు పోయి, యేప్రిలు 1వ తేదీనుండి రాయల్ ఎయిర్ ఫోర్సు వెలసియుండెను. అచ్చట నతని నాయకుఁడు జార్జి మెక్‌ఎల్రాయ్ అను నైరిష్ కప్తాను, ఆకాశయుద్ధమున నారితేఱినవాఁడు.

వారు నడపిన ఎస్.ఇ.5ఎ యను విమానమున నొక్కనికే చోటు. నడుపుటయు, చూచుటయు, కాల్చుటయు నన్నియు నొక్కఁడే చేయవలెను. మరతుపాకులు రెండు: ఒకటి యెదుట తిరుగు ఱెక్కల నడుమనుండి, వానికిఁ దగులకుండ గుండ్లు వెడలఁగ్రక్కునది; రెండవది పైఱెక్కమీఁద నమర్పఁబడినది. క్రిందికి దుముకుటకుఁ బారాచూటు నాఁటి బ్రిటిషు విమానచోదకుల కీయఁబడలేదు. విమాన మంటుకొనెనా, వేఱు దిక్కు లేదు.

జూలై 6వ తేదీని మొదటి శత్రువిమానము నతఁడు గెలిచెను. 8వ తేదీని నాలుగు గంటలలో మూఁడు. 13న రెండు, 15న రెండు, 18న నొకటి, 19న నొకటి. పదునాలుగు దినములలోఁ బది విజయములు! వీనిలో రెండు సహచరులతోఁ బంచుకొన్నవి.

22వ తేదీని కార్వాఁ గ్రామముపై జర్మనుల ఫోకర్ విమానములతో జరిగిన పోరాటమున నతని విమానము మంటలతోఁ గూలెను. ఈమాఱు లేచుట లేకపోయెను. తొమ్మిది దినముల పిదప, జూలై 31వ తేదీని, మెక్‌ఎల్రాయ్‌యును హతుఁడయ్యెను.

సెప్టెంబరు 21వ తేదీని ప్రకటింపఁబడిన డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాసు బిరుదము, దానిని ధరింపవలసినవాఁడు పోయి రెండు నెలలైన పిదప వచ్చెను. ఆ బిరుదమును బొందిన భారతీయులలో నతఁడే ప్రథముఁడు. ఆ యుద్ధమున నతనివలె నెగిరిన మనదేశీయులు మఱి ముగ్గురు ప్రసిద్ధులు. బొంబాయివాఁడగు వెలింకర్ గాయములచేఁ జనిపోయెను. సేన్ జర్మనులకుఁ జిక్కెను. హర్దీత్ సింగ్ మాలిక్ మాత్రము కాలిలో గుండుతో బ్రదికి వచ్చి, స్వతంత్రభారతమునకు రాయబారియై చిరకాలము జీవించెను.

అది పాలకుల యుద్ధమే కాని మనది కాదని కొందఱందురు, మేము కాదనము. కాని భారతీయుఁడు విమానము నడుపఁగలఁడా యను సందేహమున కుత్తర మా బాలుఁడు 1918లోనే యిచ్చెను. మనదేశమునకు వైమానికదళ మేర్పడుటకు 1932వఱకుఁ బదునాలుగేండ్లు పట్టెను.

అతని సమాధి ఫ్రాన్సులోని ఎస్టెవెల్ గ్రామ శ్మశానమున నున్నది. దానిమీఁద ఫ్రెంచిభాషతోపాటు వంగభాషయుఁ జెక్కఁబడినది. కలకత్తాలో భవానీపురమున నొక వీథి యతని పేర వెలసినది. 1998లో, అతఁడు పుట్టిన నూఱవయేఁట, మన ప్రభుత్వము తపాలాబిళ్ల వెలువరించెను. నేలమీఁద నిలువవలసివచ్చిన దినములలో నతఁడు గీసిన విమానముల చిత్రములు పెక్కులు నేఁటికిని నిలిచియున్నవి.